రాబిన్సన్ తొలి కార్డు రొట్టెతో వచ్చింది

కొన్నేళ్ల కిందట ఒక శనివారం పొద్దున న్యూజెర్సీలో ఒక హోటల్ హాల్లో కార్డ్ షో, అంటే బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు అమ్మే సంత, జరుగుతుంటే వెళ్లాను. ఆ రోజు ఏదీ కొనాలని వెళ్లలేదు. తెల్లవాళ్లకే పరిమితమైన అమెరికా పెద్ద లీగులోకి (మేజర్ లీగ్) అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ రూకీ కార్డును, అంటే కొత్తవాడిగా ఉన్నప్పటి తొలి కార్డును, కళ్లారా చూడాలి, వీలైతే ఒక్క నిమిషం చేత్తో పట్టుకోవాలి. నా కోరిక అంతే.

మొదటి టేబుల్ దగ్గరున్నాయన 1949లో బౌమన్ అనే గమ్ కంపెనీ వేసిన కార్డు తీసి నా ముందు పెట్టాడు. చిన్న కార్డు, అరచేతిలో సగం కూడా నిండదు. ఎర్రటి నేపథ్యం మీద రంగులద్దిన రాబిన్సన్ ముఖం. నంబరు 50. "ఇదే రూకీ" అన్నాడు. నాలుగడుగులు వేసి రెండో టేబుల్ దగ్గర అదే మాట అడిగితే లీఫ్ కంపెనీ కార్డు చూపించారు. నంబరు 79, పసుపు నేపథ్యం, నవ్వుతున్న ముఖం. "పైన లేబుల్ చూడండి, 1948 అని ఉంది. 1949లో వచ్చింది రూకీ ఎలా అవుతుంది?" అన్నాడు ఆ కుర్రాడు. వాదన బాగానే ఉందనిపించింది.

మూడో టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. పక్కన మనవడు లెక్కలు రాసుకుంటున్నాడు. నేను అడగ్గానే ఆయన, "ఎవరి రూకీ కావాలి? ధరల పుస్తకంలో ఉన్నదా, నాదా?" అన్నాడు. తర్వాత అద్దాల పెట్టె తెరిచి నలుపు తెలుపు కార్డు ఒకటి తీశాడు. మీద రంగు లేదు, హంగు లేదు. మూలలు గుండ్రంగా ఉన్నాయి. 1947లో బాండ్ బ్రెడ్ అనే రొట్టెల కంపెనీ వేసిన కార్డు.

"అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బ్రూక్లిన్‌లో ఉండేవాళ్లం. ఇలాంటిదే మా అమ్మ రొట్టెతో పాటు తెచ్చి ఇచ్చింది. అది ఇల్లు మారినప్పుడు పోయింది, ఇది తర్వాత కొనుక్కున్నాను. రెండేళ్లకు ఆ బౌమన్ కార్డు వచ్చేసరికి రాబిన్సన్ మా ఇంట్లో మనిషి అయిపోయాడు. అతన్ని కొత్తవాడు అంటే మా నాన్న ఊరుకునేవాడు కాదు."

ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటిదాకా నేను కూడా పుస్తకం చెప్పిందే రూకీ అనుకునేవాణ్ని. ఆ రోజు నుంచి చదువుతూ, అడుగుతూ, నాలో నేను వాదించుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: పాత కార్డుల్లో రూకీ కార్డు అంటే, ఆటగాడు పెద్ద లీగులో ఆడుతున్న రోజుల్లో, జనం దాచుకోవడానికి అచ్చువేసి పంచిన మొట్టమొదటి కార్డు. అది దేశమంతా దొరికిందా, ఒక్క ఊళ్లోనే దొరికిందా అన్నది లెక్కలోకి రాకూడదు. గమ్‌తో వచ్చిందా, రొట్టెతో వచ్చిందా అన్నదీ అంతే.

అవార్డు 1947లో, కార్డు 1949లో

రాబిన్సన్ విషయమే ముందు తేల్చుకుందాం. 1947 ఏప్రిల్ 15న ఎబెట్స్ ఫీల్డ్ మైదానంలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. ఆ ఏడాదే 'రూకీ ఆఫ్ ద ఇయర్' అవార్డు కొత్తగా పెట్టారు. మొట్టమొదటి విజేత అతనే. 1987లో ఆ అవార్డుకు అతని పేరే పెట్టారు. అంటే బేస్‌బాల్‌లో రూకీ అన్న మాటకు ఒక ముఖం ఉందంటే అది రాబిన్సన్ ముఖమే.

మరి ధరల పుస్తకాలు అతని రూకీ కార్డు అని దేన్ని చూపిస్తాయి? లీఫ్ కార్డును, బౌమన్ కార్డును. బౌమన్ 1948లో వేసిన మొదటి సెట్లో ఉన్నవి 48 కార్డులే, వాటిలో రాబిన్సన్ లేడు. 1949 సెట్లో వచ్చాడు. ఇక లీఫ్ సెట్ పేరుకే 1948. ఆ సెట్లో కొన్ని కార్డుల వెనక కాపీరైట్ 1948 అని ఉంటే, కొన్నింటి వెనక 1949 అని ఉంటుంది. అది జనం చేతికి వచ్చింది 1949లోనే అని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. ఆ 1949లో రాబిన్సన్ .342 సగటుతో, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ బ్యాటింగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, ఉత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు కూడా గెలిచాడు. లీగు మొత్తంలో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన ఏడాది వచ్చిన కార్డును రూకీ కార్డు అంటున్నాం. రూకీగా అవార్డు తీసుకున్న ఏడాది వచ్చిన కార్డును మాత్రం కాదంటున్నాం.

బాండ్ బ్రెడ్ వాళ్లు ఒక్క రాబిన్సన్ మీదే 13 కార్డులు వేశారు. మొత్తం సెట్లో ఇంకెవరూ లేరు. ఆ కాలంలో ఒక నల్లజాతి ఆటగాడి మీద ఒక రొట్టెల కంపెనీ తన వ్యాపారాన్ని నిలబెట్టుకోవాలనుకోవడం చిన్న విషయం కాదు. అలాంటి సెట్‌ను 'ప్రాంతీయం' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ఈ నిబంధన ఎక్కడి నుంచి వచ్చింది

'దేశమంతా ప్యాకెట్లలో అమ్మిన ప్రధాన సెట్లో వచ్చిన మొదటి కార్డే రూకీ' అన్న నిబంధన 1947 నాటిది కాదు. అప్పటి పిల్లలకు అలాంటి ఆలోచనే లేదు. రూకీ కార్డుకు మిగతావాటికంటే ఎక్కువ ధర పెట్టడం 1970ల చివర్లో, 1980ల్లో ఊపందుకుంది. జేమ్స్ బెకెట్ ధరల పుస్తకం 1979లో, నెలవారీ పత్రిక 1984లో వచ్చాయి. ఆ రోజుల్లో ఒక చిక్కు ఎదురైంది. టాప్స్, ఫ్లీర్ లాంటి కంపెనీలు సీజన్ చివర్లో అదనపు సెట్లు వేసి, ప్యాకెట్లలో కాకుండా డీలర్ల ద్వారా పెట్టెలుగా అమ్మేవి. కొత్త ఆటగాళ్లు ముందు అందులోనే కనిపించేవాళ్లు. 1984 ఫ్లీర్ అప్‌డేట్‌లో రోజర్ క్లెమెన్స్ అలాగే వచ్చాడు. షాపులో ప్యాకెట్ కొనుక్కునే పిల్లాడికి దొరకని కార్డును రూకీ అనొచ్చా అని గొడవ. దానికి పరిష్కారంగా వాటికి 'ఎక్స్‌ఆర్‌సీ' (ఎక్స్‌టెండెడ్ రూకీ కార్డ్) అని వేరే గుర్తు పెట్టి, ప్యాకెట్లలో వచ్చిన మరుసటి ఏడాది కార్డుకు రూకీ హోదా ఇచ్చారు.

ఆ కాలానికి ఆ పద్ధతి సరైనదే. నేను కాదనను. పెద్ద కంపెనీలు మూడు, ప్రతి ఊళ్లో షాపు, ప్రతి ఆటగాడికీ కార్డు ఉన్న రోజులవి. అక్కడ 'దేశమంతా దొరికిందా' అన్న ప్రశ్నకు అర్థముంది. కానీ అదే కొలబద్దను వెనక్కి తీసుకెళ్లి 1947 మీద, 1916 మీద పెడితే ఎలా? అప్పుడు కార్డు సిగరెట్ పెట్టెలో వచ్చింది, మిఠాయి పొట్లంలో వచ్చింది, వార్తాపత్రికతో వచ్చింది, రొట్టెతో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం వల్ల కాగితం, గమ్ కరువై, 1941 తర్వాత కొన్నేళ్లు పెద్ద సెట్లే లేవు. దేశవ్యాప్త సెట్ అన్నదే లేని రోజుల్లో దేశవ్యాప్త సెట్‌ను షరతుగా పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

మన వైపు చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వారపత్రికలో యాభై వారాలు సీరియల్‌గా వచ్చిన నవలను జనం చదివి, ఉత్తరాలు రాసి, చివరి వారం కోసం ఎదురుచూసి ఉంటారు. మూడేళ్లకు అది పుస్తకంగా వస్తే, అట్ట మీద 'తొలి ముద్రణ' అని వేస్తారు. పుస్తకాలు సేకరించేవాళ్లకు ఆ తొలి ముద్రణ విలువైనదే. కానీ నవల అప్పుడే పుట్టిందని ఎవరైనా అంటే, పత్రికలో చదివిన మా అమ్మ తరం ఒప్పుకుంటుందా? బౌమన్ కార్డు పుస్తకం లాంటిది. బాండ్ బ్రెడ్ కార్డు సీరియల్ లాంటిది.

గేట్లు తెరిస్తే ఏమవుతుంది

ఈ మాట ఒక పాత మిత్రుడితో అన్నప్పుడు ఆయన వెంటనే అడ్డుకున్నాడు. నాకంటే ఇరవయ్యేళ్ల ముందు నుంచి కార్డులు కొంటున్న మనిషి. "దేశమంతా దొరకాలన్న షరతు తీసేస్తే ఇక గేట్లు తెరిచినట్టే. జట్టు వాళ్లు అమ్మిన ఫొటో, పోస్ట్‌కార్డు, స్కోర్‌కార్డు మీద బొమ్మ, పత్రికలోంచి కత్తిరించిన ముక్క, అన్నీ రూకీలే అవుతాయి. అమ్మేవాడు ఏది చెబితే అది. కొత్తగా వచ్చేవాడు మోసపోతాడు" అన్నాడు.

ఈ భయంలో నిజముంది. నేనూ ఒకసారి మోసపోయాను కాబట్టి నాకు తెలుసు. సేకరణ మొదలుపెట్టిన ఏడాదే ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర పీట్ రోజ్ రూకీ కార్డు అని ఒకటి కొన్నాను. కార్డు ఇంటికి వచ్చింది. దాని మీద బంగారు రంగు కప్పు బొమ్మ, దాని కింద 'ఆల్ స్టార్ రూకీ' అని అచ్చయి ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది 1964 టాప్స్ కార్డు, నంబరు 125. ముందు ఏడాది బాగా ఆడిన కొత్తవాళ్లకు మరుసటి ఏడాది కార్డు మీద టాప్స్ ఆ కప్పు వేసేది. రోజ్ అసలు రూకీ కార్డు 1963లో 537వ నంబరు. ఒకే కార్డు మీద నలుగురు కొత్తవాళ్ల తలలు, అందులో రోజ్ ఒకడు. కార్డు మీదే కప్పుతో పాటు 'ఆల్ స్టార్ రూకీ' అని ఉన్నది రూకీ కాదు, నలుగురి మధ్య తలకాయ ఒక్కటే కనిపించేది రూకీ. ఆ రోజు పోయిన డబ్బు సంగతి కాదు గానీ, నమ్మి మోసపోయినందుకు చాలా బాధపడ్డాను.

అచ్చులో ఉన్న మాటను నమ్మడానికి లేదని లూ పినియెల్లా కార్డులు ఇంకా బాగా చెబుతాయి. టాప్స్ అతన్ని 1964లో వాషింగ్టన్ సెనేటర్స్ రూకీగా చూపించింది. 1968లో క్లీవ్‌లాండ్ ఇండియన్స్ రూకీగా చూపించింది. 1969లో సియాటిల్ పైలట్స్ రూకీగా మళ్లీ చూపించింది. ఆ ఏడాది అతను ఆడింది కాన్సస్ సిటీ రాయల్స్‌కి, అక్కడే అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. మూడు 'రూకీ' కార్డుల్లో రూకీ కార్డు 1964 నాటిదే, ఎందుకంటే అది ముందు వచ్చింది. ఇందులో ఎవరికీ తగాదా లేదు.

కాబట్టి షరతులే వద్దని నేననడం లేదు. దాచుకోవడానికి విడిగా అచ్చువేసిన కార్డు అయివుండాలి. జనానికి పంచినదై ఉండాలి. పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ దీనిలోకి రాదు. స్కోర్‌కార్డు రాదు. జట్టు ఆఫీసులో అడిగినవాళ్లకు ఇచ్చిన ఫొటో కూడా రాదు. పోస్ట్‌కార్డు దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ తేలడం లేదు. టై కాబ్ 1905లో ఆడటం మొదలుపెట్టాడు. సిగరెట్లతో వచ్చిన ప్రసిద్ధ టీ206 సెట్ 1909లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 1907లో, డెట్రాయిట్‌లో డీట్షే అనే ఆయన టైగర్స్ ఆటగాళ్ల పోస్ట్‌కార్డులు వేశాడు, అందులో కాబ్ ఉన్నాడు. అది ఉత్తరం రాసి పంపడానికి వేసినదా, దాచుకోవడానికి వేసినదా? రెండింటికీ అంటారు చాలామంది. అందులో ఒకదాన్ని పట్టుకుని చూసినప్పుడు వెనక తపాలా ముద్ర లేదు, ఎవరో దాన్ని వందేళ్లకు పైగా ఆల్బమ్‌లో దాచారు. ఆ ఒక్క కార్డును చూస్తే అది కార్డే. వాటన్నిటినీ కలిపి ఆలోచిస్తే నాకు నమ్మకం చాలడం లేదు.

చిన్న లీగు దగ్గర నేను ఆగిపోతాను

గేట్లు తెరిచాడన్నవాళ్లకు నేను గేటు వేసే చోటు కూడా చెప్పాలి. 1914లో బాల్టిమోర్ న్యూస్ పత్రిక స్థానిక ఓరియోల్స్ జట్టు కార్డులు వేసింది. వెనక మ్యాచ్‌ల పట్టిక. అందులో పంతొమ్మిదేళ్ల బేబ్ రూత్ ఉన్నాడు. ఇప్పుడు లోకంలో పదో, అంతకు ఒకటో రెండో ఎక్కువో మిగిలాయి. 2023 డిసెంబరులో ఒకటి 72 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాన్ని రూత్ రూకీ కార్డు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదనడానికి నోరు రాదు, అంత అపురూపమైన కార్డు అది. కానీ ఆ ఓరియోల్స్ చిన్న లీగు జట్టు. రూత్ ఆ ఏడాది జులై 11న బోస్టన్ తరఫున పెద్ద లీగులో దిగాడు. రంజీ ఆడుతున్నప్పటి ఫొటోను టెస్టు ఆరంగేట్రం ఫొటో అనం కదా. అపురూపం అన్నది వేరు, రూకీ అన్నది వేరు. నా లెక్కలో రూత్ రూకీ 1916 నాటి ఎం101 సెట్లది, నంబరు 151. అది కూడా చాలా ఏళ్లు కేటలాగుల్లో 1915 అనే ఉండేది. పరిశోధించినవాళ్లు 1916 అని తేల్చారు. తేదీ మారితే ఒప్పుకోవడమే, దానికి నొచ్చుకోవడం అనవసరం.

జో డిమాజియో విషయంలో ఇంత గట్టిగా మాట్లాడలేను. 1933లో పసిఫిక్ కోస్ట్ లీగ్ అనే చిన్న లీగులోని శాన్ ఫ్రాన్సిస్కో సీల్స్‌కి ఆడుతూ వరసగా 61 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు. మిఠాయితో వచ్చే జీనట్ కార్డుల్లో అప్పుడే కనిపించాడు, పేరు స్పెల్లింగు తప్పుగా వేశారు కూడా. పశ్చిమ తీరంలో పెద్ద లీగు జట్టు అంటూ లేని రోజులవి. డాడ్జర్స్, జెయింట్స్ అక్కడికి వెళ్లింది 1958లో. అక్కడి పిల్లలకు పసిఫిక్ కోస్ట్ లీగే పెద్ద లీగు. రొట్టె కార్డును ఒప్పుకుని, ఈ మిఠాయి కార్డును కాదనడం న్యాయమేనా అని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. చివరికి అది రూకీ కాదనే అంటున్నాను. ఎందుకంటే రాబిన్సన్ కార్డులో తక్కువైనది పంపిణీ మాత్రమే, ఆట కాదు. డిమాజియో అక్కడ ఆడిన ఆట గొప్పదే, కానీ అతనే 1936లో యాంకీస్‌కి వచ్చి మళ్లీ కొత్తవాడయ్యాడు.

ఇంకొకటి. ధరను బట్టి రూకీ తేల్చేవాళ్లకు ఒక్క మాట. అత్యంత ఖరీదైన బేస్‌బాల్ కార్డు 1952 టాప్స్ మికీ మాంటిల్, నంబరు 311. 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అది రూకీ కాదు. మాంటిల్ రూకీ 1951 బౌమన్, నంబరు 253. దాన్ని వదిలేసి జనం రెండో ఏడాది కార్డు వెంట పడుతున్నారు. టీ206 సెట్లోని హోనస్ వాగ్నర్ కార్డు సంగతీ అంతే, అప్పటికి అతను పుష్కర కాలంగా ఆడుతున్నాడు. కోట్లు పెట్టేవాడు ఆ కార్డు కథకు పెడుతున్నాడు. రూకీ ఏదన్నది తేల్చడానికి మార్కెట్టును సాక్షిగా పిలవకూడదు.

కార్డే లేనివాళ్లు

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది జోష్ గిబ్సన్. పెద్ద లీగుల్లోకి రానివ్వక నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగుల ఆటగాడు అతను. 2020 డిసెంబరులో ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ) 1920 నుంచి 1948 దాకా జరిగిన ఆ లీగులను పెద్ద లీగులుగా గుర్తించింది. 2024 మే నెలలో ఆ గణాంకాలను కలిపారు. .372 సగటుతో గిబ్సన్ కాబ్‌ను దాటి, కెరీర్ సగటులో మొదటి స్థానానికి వచ్చాడు. చరిత్రలో అందరికంటే మెరుగైన సగటు ఉన్న మనిషికి, అతను ఆడుతుండగా అమెరికాలో ఏ కంపెనీ కార్డు వేయలేదు. రాబిన్సన్ డాడ్జర్స్ తరఫున దిగడానికి మూడు నెలల ముందు, 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు.

గిబ్సన్ రూకీ కార్డు అని అందరూ చూపించేది 1950-51లో ప్యూర్టోరికోలో వేసిన టొలెటెరోస్ సెట్లోది. అంటే చనిపోయిన మూడేళ్లకు పైగా గడిచాక వచ్చినది. ప్యూర్టోరికోలో అతను ఆడాడు, అక్కడివాళ్లు అతన్ని మరిచిపోలేదు, గుర్తుపెట్టుకుని కార్డు వేశారు. ఆ మాట తలుచుకుంటే ఆ ద్వీపం వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. అయినా దాన్ని రూకీ అనడం నాకు ఇష్టం లేదు. తక్కువ చేయాలని కాదు. దాన్ని రూకీ అనేస్తే, గిబ్సన్‌కి కూడా అందరిలాగే ఒక రూకీ ఉందిలే అన్న భావన కలుగుతుంది. నిజానికి అతను ఆడినన్నాళ్లూ ఆ జాగా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని ఖాళీగానే చూపించాలి.

నీగ్రో లీగుల్లోనే ఆడిన సాచెల్ పేజ్‌దీ ఇలాంటి కథే. 1948 జులైలో 42 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్ తరఫున దిగాడు. లీఫ్ సెట్లో 8వ నంబరు కార్డు, 1949 బౌమన్‌లో 224. వాటిని రూకీలు అంటాం. ఎంఎల్‌బీ ఇప్పుడు ఒప్పుకున్న లెక్క ప్రకారమే చూస్తే అతను 1927 నుంచి పెద్ద లీగులో బంతులు విసురుతున్నాడు. ఇరవై రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన కార్డు అది. నా నిర్వచనం ప్రకారం దాన్ని రూకీ అనొచ్చు, ఎందుకంటే ఆడుతున్న రోజుల్లో వచ్చిన మొదటి కార్డుల్లో అదొకటి. నోటితో ఆ మాట అంటున్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

అప్పుడే నాకు ఒకటి తట్టింది. దేశమంతా దొరికిన కార్డే రూకీ అంటే, దేశమంతా ఎవరిని చూడటానికి ఇష్టపడిందో వాళ్లకే రూకీ కార్డు అని అర్థం. 1947లో ఆ ఇష్టం అందరికీ సమానంగా లేదు. అప్పటి పెద్ద కంపెనీలు ఎవరి బొమ్మ వేయాలి, ఎవరిది వద్దు అని తీసుకున్న నిర్ణయాలను, ఈ నిబంధన పేరుతో మనం డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత కూడా పాటిస్తున్నాం. ఎవరూ కావాలని చేస్తున్నారని అనను. నిబంధన రాసినవాళ్ల దృష్టిలో ఉన్నది 1984 నాటి పెట్టెలు. కానీ జరుగుతున్నది ఇది.

నా మ్యూజియల్

ఈ వాదన ఎవరిదాకానో పోకుండా నా దగ్గరికే వచ్చింది. నా సేకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్టాన్ మ్యూజియల్ అనే ఆటగాడి 1948 బౌమన్ కార్డు, నంబరు 36. సెంటుకు ఒక గమ్ ముక్క, ఒక కార్డు ఇచ్చిన రోజుల నాటిది. నలుపు తెలుపు ఫొటో, ముందు వైపు పేరు కూడా ఉండదు. వెనక బూడిద రంగు అట్ట మీద నల్లటి అక్షరాలు. నా కార్డుకు నాలుగు మూలలూ అరిగిపోయాయి, నడిమధ్య సన్నటి మడత, దాన్ని వేలితో తడిమితే తెలుస్తుంది. ఎవరో పిల్లాడు జేబులో పెట్టుకుని తిరిగాడు. నెలల తరబడి ఖర్చులు తగ్గించుకుని కొన్నాను. ప్లాస్టిక్ తొడుగు మీద చిన్న కాగితం అంటించి 'రూకీ' అని నా చేత్తో రాసుకున్నాను.

మ్యూజియల్ 1941లో ఆడటం మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల కార్డులు లేవు. 1948 నాటికి రెండు ఎంవీపీలు, మూడు వరల్డ్ సిరీస్ విజయాలు అతని ఖాతాలో ఉన్నాయి. అయినా ధరల పుస్తకాల ప్రకారం 1948 కార్డు రూకీ. ఇప్పుడు నేను చెబుతున్న దాని ప్రకారం కాదు. ఎందుకంటే రాబిన్సన్ కార్డులు కాకుండా బాండ్ బ్రెడ్ వాళ్లదే ఇంకో సెట్ ఉంది, చాలామంది ఆటగాళ్లు, కొందరు బాక్సర్లు ఉన్న సెట్. అందులో మ్యూజియల్ ఉన్నాడు, దాన్నీ 1947 అనే లెక్కేస్తున్నారు. రాబిన్సన్‌కి రొట్టె కార్డు రూకీ అయితే మ్యూజియల్‌కీ రొట్టె కార్డే రూకీ. నాకిష్టమైన కార్డు కాబట్టి దానికి మినహాయింపు ఇవ్వలేను.

ఈ సంగతి అర్థమయ్యాక రెండు వారాలు దాన్ని పెట్టెలోంచి బయటికి తీయలేదు. నా వాదనలో ఎక్కడైనా పొరపాటుందేమో అని వెతికాను. ఆ సెట్ అమ్మింది ఎక్కడ, ఏ ఏడాది అని దొరికినవన్నీ చదివాను. ఆ తేదీ మీద ఇంకా మాట్లాడుకునేవాళ్లున్నారు, రేపు ఎవరైనా అది తర్వాతది అని తేలిస్తే నా కార్డు మళ్లీ రూకీ అవుతుంది. ఆ ఆశ కోసం మాత్రం వాదన మార్చుకోలేదు.

పోయిన నెల ఆ తొడుగు మీద కాగితం ఊడదీసి, కొత్తది అంటించాను. '1948 బౌమన్, 36' అని మాత్రమే రాశాను. ఆల్బమ్‌లో దాని పక్క జేబు ఖాళీగా వదిలి, అందులో ఒక తెల్ల చీటీ పెట్టాను: 'జోష్ గిబ్సన్. ఆడుతుండగా కార్డు వేయలేదు.' మా అమ్మాయి పేజీ తిప్పుతూ ఆ చీటీ చూసి, "ఎందుకు వేయలేదు నాన్నా?" అని అడిగింది. అరగంట కూర్చుని చెప్పాను. చివర్లో తను రాబిన్సన్ రొట్టె కార్డు చూడాలంది. ఈసారి షోకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఆ పెద్దాయన మనవడు టేబుల్ పెడుతున్నాడని విన్నాను.